హిందెలోపెన్‌కు ఒక బస్సు వేయండి
నెదర్లాండ్స్‌లోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

నెదర్లాండ్స్‌లోని తెలుగు సంఘాల పెద్దలకు, కార్యవర్గ సభ్యులకు, ఉగాదికి పచ్చడి కలిపే చేతులకు, ఆదివారం బడిలో మన పిల్లల చేత ఓనమాలు దిద్దించే అమ్మలకు, అక్కలకు నమస్కారం.

ప్రతి వసంతంలోనూ మీరు బస్సులు మాట్లాడి మమ్మల్ని ట్యులిప్ తోటలకు తీసుకెళ్తారు. గీతోర్న్ కాలువల్లో పడవ ఎక్కిస్తారు. జాన్సే స్ఖాన్స్ గాలిమరలు చూపిస్తారు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో, పలకరించే మనిషి లేక గోడల వంక చూస్తూ కూర్చున్న రోజుల్లో, నాకు మొదటి స్నేహితులు దొరికింది మీరు వేసిన బస్సులోనే. ఆ చనువుతోనే ఒక కోరిక కోరుతున్నాను. వచ్చే ఏడాది ఒక్క బస్సు హిందెలోపెన్‌కు వేయండి. ఎందుకో చెప్పాలంటే ఉత్తరం కాస్త పెద్దదవుతుంది. ఓపికగా చదవమని మనవి.

హిందెలోపెన్ ఫ్రీస్‌లాండ్ రాష్ట్రంలో, ఐసెల్‌మేర్ సరస్సు ఒడ్డున ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఉత్తరంగా వెళ్లి, 32 కిలోమీటర్ల అఫ్‌స్లౌట్‌డైక్ కట్ట దాటి, తీరం వెంట కిందికి దిగితే వస్తుంది. లేవార్డెన్ నుంచి స్టావొరెన్ వెళ్లే చిన్న రైలు కూడా ఊరికి కాస్త ఎడంగా ఆగుతుంది. జనాభా వెయ్యి లోపే. అయినా కాగితాల మీద అది నగరం. 1225లో నగర హక్కులు పొందిన ఊరు. ఫ్రీస్‌లాండ్‌లోని 11 చారిత్రక నగరాల్లో ఇదొకటి. చలికి కాలువలన్నీ గడ్డకట్టిన ఏడాది ఈ 11 ఊళ్లనూ కలుపుతూ 200 కిలోమీటర్ల స్కేటింగ్ పరుగు జరిగేది. చివరిసారి జరిగింది 1997 జనవరి 4న. మళ్లీ అంత మందాన మంచు పట్టలేదు. నగరమన్న గౌరవాన్ని ఊరివాళ్లకే వదిలి, నేను దీన్ని ఊరు అనే అంటాను. మన కళ్లకు అది ఊరే.

ఆ ఊళ్లో నడిచి తీరాలి. వీధులు ఎంత ఇరుకంటే రెండు చేతులూ చాపితే చెరో పక్క ఇల్లు తగులుతుందేమో అనిపిస్తుంది. మధ్యలో సన్నటి కాలువలు, వాటి మీద చెక్క వంతెనలు. ఒక పక్కకు ఒరిగిన చర్చి గోపురం. ఊరి గుర్తు పరుగెత్తే ఆడ లేడి. రేవు దగ్గర 1619లో కట్టిన లాకు ఇల్లు ఉంది. కృష్ణా డెల్టాలో పెరిగినవాళ్లకు లాకులంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. ఆ ఇంటి దగ్గర సముద్రం వైపు చూస్తూ ఒక బల్ల ఉంది. దాని పేరు అబద్ధాల బల్ల. వయసు మళ్లిన నావికులు దాని మీద చేరి తాము చూసిన తుపాన్లకు రెండు అలలు కలిపి చెప్పుకునేవారట. నేను వెళ్లిన రోజున ఇద్దరు ముసలాయనలు టోపీలు కళ్ల మీదికి లాక్కుని కూర్చుని ఉన్నారు. మా ఊరి రావిచెట్టు కింది అరుగు గుర్తుకొచ్చి అక్కడే నిలబడిపోయాను.

ఇప్పుడు ఆ బల్ల ముందున్నది మంచినీటి సరస్సు. ఒకప్పుడది ఉప్పు సముద్రం. జౌడర్‌జే, అంటే దక్షిణ సముద్రం అనేవారు. 1916 జనవరిలో ఆ సముద్రం కట్టలు తెంచుకుని ఊళ్ల మీద పడింది. ఆ తర్వాతే, 1918లో, దాన్ని మూసేయాలని చట్టం చేశారు. 1932 మే 28న అఫ్‌స్లౌట్‌డైక్ కట్ట పూర్తయింది. ఉప్పునీరు క్రమంగా మంచినీరుగా మారింది. తీరమంతటా చేపల వేట మీద బతికినవాళ్లు వేరే బతుకులు వెతుక్కున్నారు. 1864లో బందరును ముంచిన ఉప్పెన గురించి తాతల నోట విని, 1977 దివిసీమ గురించి అమ్మ నోట విని పెరిగినదాన్ని. సముద్రానికి కట్ట కట్టుకుని, ఆ కట్ట వెనక దీపం పెట్టుకుని బతికే మనుషుల భయం ఏమిటో నాకు తెలుసు. హిందెలోపెన్‌లో ఏ ఇంటి నుంచి బయటికి వచ్చినా నాలుగడుగుల్లో కట్ట కనిపిస్తుంది.

17, 18 శతాబ్దాలు ఈ ఊరికి మంచి కాలం. మగవాళ్లంతా ఓడల మీద వెళ్లేవారు. ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుల సరుకు మోసే ఓడలకు హిందెలోపెన్ వాళ్లు సరంగులు. నార్వే నుంచి కలప, బాల్టిక్ రేవుల నుంచి ధాన్యం. ఇంత చిన్న ఊరికి 80 దాకా ఓడలు ఉండేవని చెబుతారు. పెద్ద ఓడలు నిలిచేంత లోతు ఇక్కడి రేవులో లేదు. చలికాలం వచ్చి సముద్రం మూతపడితే అవి ఆమ్‌స్టర్‌డామ్‌లోనే ఆగేవి. అందుకే ఈ ఊరి సంసారాలకు ఆమ్‌స్టర్‌డామ్ బజారు పెరటి గుమ్మం లాంటిది. ప్రపంచం నలుమూలల నుంచి ఆ బజారుకు ఏది వచ్చినా దానిలో కొంత ఈ ఊరికి చేరేది.

ఇక ఆడవాళ్ల సంగతి. వసంతంలో మగవాళ్లు ఓడ ఎక్కితే మళ్లీ శరత్తు దాకా ఊరు ఆడవాళ్లదే. ఇల్లు, లెక్కలు, పిల్లలు, మంచిచెడ్డలు అన్నీ వాళ్లే చూసుకునేవారు. ఓడ సరంగుల ఇళ్ల వెనక, కాలువ గట్టున, ఒక్క గది ఉండే చిన్న ఇళ్లు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. వాటిని లిక్‌హూస్ అంటారు. వేసవి అంతా తల్లీపిల్లలు ఆ చిన్న ఇంట్లోకి మారి, ముందున్న పెద్ద ఇంటిని కడిగి తుడిచి, రంగుల బీరువాలు మెరిసేలా పెట్టి మూసి ఉంచేవారు. ఇంటి యజమాని తిరిగొచ్చిన నాడు ఆ తలుపులు తెరుచుకునేవి. తిరిగి రానివాళ్లూ ఉండేవారు. అలాంటి ఇంటి ఆడవాళ్లు ఏ రంగు కట్టుకోవాలో కూడా ఆ ఊరు నిర్ణయించి పెట్టుకుంది. అక్కడికే వస్తున్నాను.

ఊరి పాత పురపాలక భవనం 1683 నాటిది. 1919 నుంచి దానిలో మ్యూజియం నడుస్తోంది. నేను తలదాచుకోవడానికి లోపలికి వెళ్లాను. బయట వాన. ముందు గదుల్లో ఆ ఊరి పేరుతోనే ప్రసిద్ధమైన రంగుల సామాను ఉంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు రంగుల్లో తీగలు, పక్షులు, పూలు. పెట్టెలు, బల్లలు, ఊయల తొట్లు, చివరికి మంచం ఎక్కే మెట్లపీట కూడా వదలకుండా రంగులు వేశారు. చూస్తూ పోతున్నాను. ఒక గాజు పెట్టె ముందు కాళ్లు ఆగిపోయాయి.

లోపల ఒక పొడవాటి అంగీ ఉంది. ముందు భాగం తెరుచుకుని, చీలమండల దాకా వచ్చే ఆడవాళ్ల అంగీ. దాన్ని వెంట్కే అంటారు. తెల్లటి నేల మీద పెద్ద పెద్ద ఎర్రపూలు, మెలికలు తిరిగిన కొమ్మలు. కొమ్మలకు నీలం ఆకులు.

మాది బందరు పక్కన పెదన. నాన్నగారిది అద్దకం పని. టేకు అచ్చుల చప్పుడు వింటూ, కరక్కాయ వాసన పీలుస్తూ, రాగి గంగాళంలో జాజి ఆకుతో ఉడికే గుడ్డల ఆవిరిలో నేను పెరిగాను. ఆ పూవు వంక నాకు తెలుసు. ఆ ఎరుపు నాకు తెలుసు. తెలియనిది ఆకు రంగు ఒక్కటే. ఫొటో తీసి నాన్నగారికి పంపి, ఆకులు నీలంగా ఉన్నాయేమిటని అడిగాను. ఆయన ఫొటోను పెద్దది చేసుకుని చూసి ఉంటారు, జవాబుకు పది నిమిషాలు పట్టింది. "పచ్చ అంటే నీలి మీద పసుపే కదమ్మా. పసుపు ఎండకూ నీటికీ ఆగదు, ఎగిరిపోతుంది. నీలి ఉండిపోతుంది. ఇది అచ్చు పని కాదు, కలం పని. గీత చూడు, మొదట్లో లావు, చివర సన్నం."

మళ్లీ గాజుకు ముఖం ఆనించి చూశాను. నిజమే, కొమ్మ మలుపు తిరిగే చోట గీత లావెక్కి, కొసకు వచ్చేసరికి వెంట్రుకంత అయింది. తెల్లటి నేల మీద అక్కడక్కడా పోగంత నీలి గీతలు ఉన్నాయి. నీలి తొట్టిలో ముంచే ముందు, నీలం అంటకూడని చోటంతా మైనం పూస్తారు. ఆ మైనం పగిలిన చోట నీలి లోపలికి జారి అలా మరక పడుతుంది. ఎవరో మైనం పూశారు, ఎక్కడో చిన్న పగులు వచ్చింది, ఆ పగులు 200 ఏళ్లు దాటి నా కళ్ల ముందుంది. చంక కింద కుట్టు దగ్గర ఇంకో సంగతి చూశాను. గుడ్డ చాలక అరచేయంత ముక్కలు అతికారు. అతికిన చోట పువ్వు తెగకుండా, రేకకు రేక కలిపి కుట్టారు. కుట్టిన హిందెలోపెన్ ఇల్లాలికి ఆ గుడ్డ ఎంత విలువైనదో ఆ కుట్టు చెబుతోంది.

ఆ గుడ్డను డచ్చి వాళ్లు సిట్స్ అంటారు. మన అమ్మమ్మలు చీటిగుడ్డ అనేవారు, చీటి పరికిణీ అనేవారు. రెండూ ఒకే మాట చుట్టాలు.

అది అక్కడికి ఎలా వచ్చిందో బందరు వాళ్లకు వీధుల పేర్లే చెబుతాయి. బందరులో ఇంగ్లీషుపాలెం ఉంది, పరాసుపేట ఉంది, వలందపాలెం ఉంది. హాలండును మనవాళ్లు వలంద అన్నారు. డచ్ ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. మూడు నాలుగేళ్లు తిరక్కుండానే, 1605-06 నాటికి, గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా ఏలుబడిలోని మచిలీపట్నంలో దిగి వర్తకం మొదలుపెట్టింది. నిజాంపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం, కాకినాడ పక్కన జగన్నాథపురం, ఇలా మన తీరం పొడుగునా వాళ్ల గిడ్డంగులు వెలిశాయి. సుగంధ ద్రవ్యాల దీవుల్లో వెండి కంటే మన గుడ్డకే గిరాకీ. గుడ్డ ఇచ్చి లవంగాలు, జాజికాయలు తీసుకునేవారు. తర్వాత ఆ గుడ్డలోని అందం యూరప్ కంట పడింది.

గిరాకీ ఎంత పెరిగిందంటే, తమ నేతగాళ్లు కూలిపోతారని ఫ్రాన్స్ 1686లో చీటిగుడ్డను నిషేధించింది. ఇంగ్లండ్ 1701లో దిగుమతిని ఆపింది, 1721లో కట్టుకోవడాన్నే ఆపింది. డచ్చి వాళ్లు నిషేధించలేదు. పక్క దేశాల్లో చాటుగా కట్టుకోవలసిన గుడ్డను హిందెలోపెన్ ఆడవాళ్లు పండగ నాడు వీధిలో కట్టుకుని నడిచారు. ఫ్రీస్‌లాండ్‌లో ఇంత చీటిగుడ్డ మిగలడానికి ఇదీ ఒక కారణం. లేవార్డెన్‌లోని ఫ్రీస్ మ్యూజియంలో ఉన్న సేకరణ ఈ దేశంలోని పెద్ద సేకరణల్లో ఒకటి. 2017లో దాని మీద పెద్ద ప్రదర్శన కూడా పెట్టారు.

ఈ ఉత్తరం రాయడానికి నన్ను కూర్చోబెట్టిన సంగతి ఇప్పుడు చెబుతాను. డేనియల్ హావార్ట్ అనే కంపెనీ ఉద్యోగి మన తీరంలో ఏళ్ల తరబడి పనిచేసి, తిరిగి వెళ్లాక తాను చూసినదంతా పుస్తకంగా రాశాడు. 1693లో అచ్చయింది. అందులో చీటిగుడ్డ మీద బొమ్మలు వేసేవాళ్ల గురించి రాస్తూ, ఆ పని నత్త పాకినట్టు సాగుతుందని, ముందుకు కదులుతున్నట్టే కనిపించదని అంటాడు. ఓర్పు అనే గుణానికి బొమ్మ గీయాలనుకున్నవాడికి పాలకొల్లు చిత్రకారుడొక్కడు చాలు, వేరే నమూనా అక్కర్లేదని అంటాడు. పాలకొల్లు! క్షీరారామం గోపురం ఉన్న పాలకొల్లు. మనలో ఎంతమందికి ఆ ఊళ్లో చుట్టాలున్నారో లెక్క తీయండి.

ఆ ఓర్పు ఎలాంటిదో అద్దకం తెలిసినదాన్ని కాబట్టి రెండు మాటలు చెప్పనివ్వండి. ముందు గుడ్డను పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండకు వేసి తెలుపు చేయాలి. తర్వాత కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. పాలలోని జిడ్డు వల్ల రంగు పక్కకు పాకదు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెడితే ఒక కషాయం వస్తుంది. అది కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే నల్లగా మారుతుంది. దానితో నల్ల గీతలు. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లతో రాయాలి. పటిక నీళ్లకు రంగు ఉండదు. రాసేవాడికి తాను రాసింది సరిగా కనిపించదు. ఆ తర్వాత గుడ్డను చిరివేరుతో ఉడికిస్తే పటిక పడిన చోటు మాత్రమే ఎర్రగా లేస్తుంది. కృష్ణ సముద్రంలో కలిసే చోట ఇసుక నేలల్లో పెరిగే చిరివేరుకు ఆ కాలంలో ఎంతో పేరు. తర్వాత మైనం, నీలి. మైనం వదలడానికి మరుగునీళ్లు. చివర పసుపు. ప్రతి అడుగు మధ్యా ఉతుకు, ఎండ, ఎదురుచూపు. వాన పడితే మళ్లీ ఆగడమే.

అలా నెలలు పట్టిన గుడ్డ బందరు రేవులో ఓడెక్కి, ఆఫ్రికా చుట్టు తిరిగి, ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలానికి వచ్చి, చలికాలానికి ఇల్లు చేరే ఒక సరంగు పెట్టెలో హిందెలోపెన్‌కు వచ్చేది.

వచ్చాక ఆ ఊరు దాన్ని తన సొంత భాషలోకి మార్చుకుంది. నాకు అన్నింటికంటే నచ్చింది ఇదే. తలకట్టు చూసి పెళ్లయినదీ కానిదీ తెలిసేది. ఎర్రపూల అంగీ అయితే శుభం. ఇంట్లో ఎవరైనా పోతే నీలం, తెలుపు మాత్రమే ఉన్న చీటిగుడ్డ కట్టుకునేవారు. దుఃఖం పాతబడే కొద్దీ రంగులు మెట్టు మెట్టుగా తిరిగొచ్చేవి. వీధి చివర నుంచి చూసి, పలకరించాలా, ఓదార్చాలా, కొన్నాళ్లు మౌనంగా పక్కకు తప్పుకోవాలా అన్నది తెలుసుకునేవారు. చీటిగుడ్డతో పాటు మన లుంగీ గళ్లను గుర్తు చేసే గళ్ల గుడ్డ కూడా వచ్చింది. దాన్ని ఈస్టిండియా గళ్లు అనేవారు. తర్వాత అవే గళ్లను ఇక్కడివాళ్లు నేర్చుకుని నేశారు. మన తీరంలో బొమ్మ వేసినవాడు తన ఎర్రపువ్వు ఎక్కడికి పోతుందో ఎరగడు. తాను వేసిన నీలం పువ్వు ఒక నావికుడి భార్య కన్నీళ్లను మోస్తుందని అసలే ఎరగడు.

ఒక మాట దాచకూడదు. ఈ కథలో కంపెనీని మంచివాడిగా చూపించవద్దు. గుడ్డలు ఎక్కించిన రేవుల నుంచే, కరువు వచ్చిన ఏళ్లలో, కోరమాండల్ మనుషుల్ని కూడా బానిసలుగా ఓడలెక్కించారు. బొమ్మ వేసినవాడికి దక్కింది కూలి డబ్బులే, పేరు ఎక్కడా లేదు. బానిసత్వానికి ఈ దేశపు రాజు 2023 జూలై 1న క్షమాపణ చెప్పాడు. మనం పిల్లలకు చెప్పేటప్పుడు రెండూ చెప్పాలి. పువ్వు చెప్పి ఓడ అడుగున ఉన్న మనిషిని చెప్పకపోతే అది సగం కథ. అలాగే ఈ పని మన తీరంలోనే కాదు, కింద పులికాట్, నాగపట్నం వైపూ జరిగేది. కనబడిన ప్రతి వెంట్కేనూ మనదేనని మీసం మెలేయడం కూడా వద్దు.

1780లో ఇంగ్లండ్‌తో వచ్చిన యుద్ధం, ఆ తర్వాత నెపోలియన్ కాలపు దిగ్బంధం హిందెలోపెన్ ఓడల్ని తినేశాయి. డబ్బు పోయింది. ఇళ్లు కూలాయి, జనం వలస పోయారు. 19వ శతాబ్దం ముగిసేసరికి ఆ దుస్తులు రోజూ కట్టుకునేవాళ్లు కరువయ్యారు. సరిగ్గా ఆ పడిపోయిన కాలంలోనే లోకం దాని వైపు చూసింది. 1877లో లేవార్డెన్ ప్రదర్శనలో, మరుసటి ఏడు పారిస్ ప్రపంచ ప్రదర్శనలో, హిందెలోపెన్ ఇంటి గదిని నిలువునా అమర్చి చూపించారు. రంగుల బీరువాలు, గోడకు పింగాణీ పలకలు, వెంట్కే కట్టిన బొమ్మలు. జనం ఎగబడి చూశారు. కొనుక్కుపోయేవాళ్లూ వచ్చారు. ఇళ్లలోని పాత సామాను ఊరు దాటిపోవడం మొదలైంది. మిగిలినదైనా ఊళ్లోనే నిలబడాలని కూడబెట్టారు కాబట్టే నేనా రోజు ఆ గాజు ముందు నిలబడగలిగాను. ఆ రంగుల పని 1894 నుంచి తరతరాలుగా చేస్తున్న కుటుంబం ఒకటి ఇప్పటికీ అక్కడుంది. దుకాణంలో కుంచె పట్టుకున్న మనిషి చెక్క పళ్లెం మీద తీగ లాగుతుంటే, ఒక్క ఊపులో లావు నుంచి సన్నానికి పోయే ఆ గీత చూసి, మా నాన్నగారి మాట గుర్తుకొచ్చింది.

ఆ ఊరికి సొంత నుడి కూడా ఉంది. ఊరిని వాళ్లు హిల్పెన్ అంటారు, నుడిని హిల్పర్స్ అంటారు. ఫ్రీజియన్ భాషకు చెల్లెలు, కానీ పాత మాటలు, పాత ఉచ్చారణలు ఎన్నో దాచుకున్నది. మాట్లాడేవాళ్లు వందల్లోనే ఉన్నారు. ఐసెల్‌మేర్ ఒడ్డున ఆ కొద్దిమంది ఇంట్లో ఒక భాష, వీధిలో ఫ్రీజియన్, బడిలో డచ్చి మాట్లాడుతూ బతుకుతున్నారు. మన పిల్లలు ఆమ్‌స్టెల్‌వేన్‌లో చేస్తున్నదీ అదే కదా. "నేను తెలుగు ఎందుకు నేర్చుకోవాలి, ఇక్కడ ఎవరు మాట్లాడతారు" అని నా కూతురు అడిగినప్పుడు నాకు వెంటనే జవాబు తోచలేదు. తనను ఆ అబద్ధాల బల్ల దగ్గరికి తీసుకెళ్లి, ఆ ముసలాయనల మాటలు వినిపించాలని ఉంది.

ఇక నేను అడిగేది. వేసవిలో, మ్యూజియం తెరిచి ఉండే నెలల్లో, ఒక శనివారం బస్సు వేయండి. ముందుగా వాళ్లకు రాసి, ఎంతమంది వస్తున్నామో చెప్పండి. ఇరుకు గదులు, 50 మంది ఒక్కసారిగా పట్టరు, విడతలుగా వెళ్లాలి. సగం మంది లోపల ఉంటే సగం మంది రేవు దగ్గర తిరుగుతారు. పిల్లలకు ముందు ఆదివారం బడిలోనే పాలకొల్లు, బందరు, పెదన ఎక్కడున్నాయో పటంలో చూపించండి. కరక్కాయ, పటిక, నీలి, చిరివేరు అన్న నాలుగు మాటలు నేర్పండి. పెదన నుంచి గుడ్డ, అచ్చు తెప్పించే బాధ్యత నాది. బళ్లో ఒక రోజు కరక్కాయ నీళ్లలో గుడ్డ ముంచి, ఇనుప కషాయం తగలగానే నల్లబడటం వాళ్ల చేత చేయించి చూపిస్తాను. అది చూసిన పిల్లవాడు గాజు వెనక అంగీని వేరే కళ్లతో చూస్తాడు.

ఇంకొకటి. మనలో డచ్చి బాగా వచ్చినవాళ్లు ఉన్నారు, చరిత్ర చదివినవాళ్లు ఉన్నారు, కృష్ణా, గోదావరి జిల్లాలవాళ్లు కావలసినంతమంది ఉన్నారు. అందరం కూర్చుని ఒక నాలుగు పేజీల చిన్న పుస్తకం రాద్దాం. తెలుగులో ఒక వైపు, డచ్చిలో ఒక వైపు. గుడ్డ ఎలా తయారైంది, ఏ ఊళ్లలో తయారైంది, ఆ ఊళ్లు ఇప్పుడెలా ఉన్నాయి. పాలకొల్లులో కలం పని పోయిందని, పెదనలో అచ్చు పని బతికి ఉందని, బందరులో, భీమిలిలో డచ్చి వాళ్ల సమాధులు చెక్కిన రాళ్లతో ఇంకా ఉన్నాయని రాద్దాం. దాన్ని ఆ మ్యూజియం వాళ్లకు చేతికిచ్చి, ఉపయోగపడితే ఉంచుకోమని అడుగుదాం. వాళ్లు కాదంటే మన దగ్గరే ఉంటుంది, మన పిల్లలు చదువుకుంటారు. అచ్చు ఖర్చులో నా వంతు ఇప్పుడే పక్కన పెట్టాను.

ట్యులిప్ తోటల బస్సు ఆపమని నేను అనను, నేనూ ఎక్కుతాను. అక్కడ మనం చూడటానికి వచ్చిన వాళ్లం. హిందెలోపెన్‌లో మాత్రం మన ఊరి చేతి పనిని 200 ఏళ్లకు పైగా పెట్టెలో కర్పూరం వేసినంత భద్రంగా దాచిన ఇళ్లవాళ్లు ఉన్నారు. పాత బాంధవ్యం ఉన్న ఇంటికి వెళ్లినట్టు వెళ్దాం. ఉత్త చేతులతో వెళ్లవద్దని నాన్నగారు అంటున్నారు. ఆయన ఇప్పటికే ఒక దుప్పటి మొదలుపెట్టారు, ఎర్రపూలు, మెలికల కొమ్మ. ఆకులకు ఏ రంగు వేయమంటావని నిన్న ఫోను చేశారు. పచ్చగానే వేయమన్నాను. ఆ అంగీ మీది ఆకులు కొత్తలో ఎలా ఉండేవో ఆ ఊరివాళ్లు ఒకసారి చూడాలి.

తేదీ ఖరారు చేసి తెలియజేయగలరు.

ఇట్లు,
పెదన అద్దకపు ఇంటి ఆడపడుచు,
ఆమ్‌స్టెల్‌వేన్